జర్నల్ డేటాబేసుల్లో మన జిల్లాను వెతకడం, దొరికింది పోకుండా దాచుకోవడం

పీజీ ప్రాజెక్టు కావచ్చు, పీహెచ్‌డీ సినాప్సిస్ కావచ్చు, ఊరి నీళ్ళ గురించి నాలుగు ముక్కలు రాద్దామన్న పట్టుదల కావచ్చు. నల్గొండ మీదో పాలమూరు మీదో పరిశోధన పేపర్లు కావాలంటే చాలామంది చేసే పని ఒకటే: గూగుల్‌లో జిల్లా పేరు కొట్టి, పక్కన ఫ్లోరైడ్ అనో వలస అనో చేర్చి, మొదటి పేజీలో వచ్చిన నాలుగు పీడీఎఫ్‌లు దించుకోవడం. అందులో రెండు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి ఉంటాయి. గట్టి పేపర్లలో చాలా భాగం లైబ్రరీలు డబ్బు కట్టి తెప్పించే డేటాబేసుల్లో ఉంటాయి, అక్కడ వెతికే తీరు వేరు. ఫ్లోరైడ్, వలస అనే ఈ రెండు విషయాలనే పట్టుకుని చెప్తాను. టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లీషులోనే, చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

ముందు లోపలికి పోయే దారి చూద్దాం. నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ రెండూ రాష్ట్ర ప్రభుత్వానివి. ఇలాంటి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల కోసమే 2025 జనవరి 1 నుంచి కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలుపెట్టింది. 30 పబ్లిషర్లకు చెందిన దాదాపు 13,000 జర్నల్స్ దాని కిందికి వస్తాయి. క్యాంపస్ నెట్‌లో ఉంటే సాధారణంగా లాగిన్ అడగకుండానే పేపర్ తెరుచుకుంటుంది. ఇంటి నుంచి చూడాలంటే పబ్లిషర్ సైట్‌లో ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్ అనే చోట మీ యూనివర్సిటీ పేరు ఎంచుకోవాలి, దానికి ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చేది లైబ్రరీయే. ప్రైవేటు కాలేజీ అయితే ఈ పథకం వర్తించదు, యూజీసీ కింద లైబ్రరీల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ కాలేజీలకు ఇచ్చే ఎన్-లిస్ట్ సదుపాయం ఉందేమో లైబ్రేరియన్ సారును అడగండి. కాలేజీకి ఉండి కూడా స్టూడెంట్లకు తెలియని చోట్లు ఉన్నాయి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఏ లాగినూ లేనివాళ్ళకు వైద్యం, జీవశాస్త్రం పేపర్ల కోసం పబ్‌మెడ్ సెంట్రల్, ఉచిత జర్నల్స్ జాబితా డీఓఏజే, థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉచితం. పాత జర్నల్స్ దాచిపెట్టే జేస్టోర్‌లో ఉత్త ఈమెయిల్‌తో ఖాతా తెరిచినా 30 రోజులకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

ఇక అసలు చిక్కు మన పేర్లతోనే వస్తుంది. మనిషికైతే నల్గొండ, నలగొండ, నల్లగొండ మూడూ ఒకటే. డేటాబేస్‌కు మాత్రం మూడూ వేరు, మీరు ఏ అక్షరాలు కొడితే వాటినే వెతుకుతుంది. మహబూబ్‌నగర్ అయితే ఇంకా లొల్లి: హెచ్ తర్వాత ఏ పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు, బూ కోసం యూ రాసేవాళ్ళు, రెండు ఓలు రాసేవాళ్ళు, నగర్‌ను విడదీసి రాసేవాళ్ళు, ఇవేవీ కాకుండా పాలమూర్ అనో పాలమూరు అనో రాసేవాళ్ళు. భువనగిరిని పాత కాగితాల్లో భోన్‌గిర్ అంటారు. కాబట్టి ఒక్క పేరు కొట్టి ఫలితాలు తక్కువగా వస్తే, మన జిల్లా మీద ఎవరూ పెద్దగా రాయలేదని అప్పుడే అనుకోకండి.

దానికి తోడు జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11న నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పోయాయి, 2019లో నారాయణపేట కూడా పోయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది, కొడంగల్ వికారాబాద్‌లో కలిసింది. 2010లో కొడంగల్ వలస కూలీల మీద రాసిన పేపర్‌లో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది, అదే ఊళ్ళ మీద 2020లో రాస్తే వికారాబాద్ అని ఉంటుంది. రాష్ట్రం పేరుదీ ఇదే తిప్పలు: 2014 జూన్ 2కు ముందు రాసినవాటిలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, 1956కు ముందువాటిలో హైదరాబాద్. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ ఫ్లోరోసిస్ మీద అచ్చైన పేపర్. దాని టైటిల్‌లోనే నల్గొండ జిల్లా, హైదరాబాద్-డెక్కన్ అని ఉంది. మీరు నల్గొండ, ఫ్లోరోసిస్ అని కొట్టి, ఇంకా కచ్చితంగా రావాలని తెలంగాణ అని కూడా చేర్చారనుకోండి, అన్నిటికంటే ముందు చదవాల్సిన పేపరే జారిపోతుంది. పాతవి కావాలంటే రాష్ట్రం పేరు అసలు చేర్చకండి.

సరే, ఇన్ని పేర్లను ఎలా కొట్టాలి? ఒకే విషయానికి ఉన్న పేర్లన్నీ ఆర్‌తో (వీటిలో ఏదో ఒకటి ఉన్నా చాలు అని) కలిపి ఒక బ్రాకెట్‌లో పెట్టండి, రెండో విషయాన్ని ఇంకో బ్రాకెట్‌లో, మధ్యలో ఆండ్ (రెండూ ఉండాలి అని). అంటే ఇలా:

(నల్గొండ ఆర్ నలగొండ ఆర్ నల్లగొండ ఆర్ సూర్యాపేట ఆర్ భువనగిరి ఆర్ భోన్‌గిర్) ఆండ్ (ఫ్లోరైడ్* ఆర్ ఫ్లోరోసిస్ ఆర్ డీఫ్లోరిడేషన్)

ఆండ్, ఆర్‌లను పెద్ద అక్షరాల్లోనే కొట్టండి, కొన్ని డేటాబేసులు చిన్న అక్షరాలైతే మామూలు మాట అనుకుంటాయి. రెండు మూడు మాటల పేరైతే కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే ఒక మాట మొదటి పేజీలో, ఇంకో మాట చివరి పేజీలో ఉన్న పేపర్లన్నీ వచ్చి పడతాయి.

స్టార్ గుర్తు (*) ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించి పెట్టాలి. మాట మొదలు రాసి స్టార్ పెడితే ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ వస్తాయి, అంతవరకు మస్తు ఉంది. కానీ ఫ్లోర్ దగ్గరే ఆపి స్టార్ పెట్టారంటే ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్‌లతో పాటు ఫ్లోరెసెన్స్ కూడా వస్తుంది, అది రసాయన శాస్త్రం, జీవశాస్త్రం నిండా ఉండే మాట, మీ లిస్టు మొత్తం మునిగిపోతుంది. ఇంగ్లీషులో ఫ్లోరైడ్ చివరి ఈ తీసేసి, డీ దగ్గర స్టార్ పెట్టి, ఫ్లోరోసిస్‌ను విడిగా రాయడం మేలు. చాలా డేటాబేసుల్లో స్టార్ మాట మొదట్లో పెడితే పనిచేయదు కాబట్టి ముందు డీ తగిలిన డీఫ్లోరిడేషన్‌ను (ఫ్లోరైడ్ తీసేయడాన్ని) కూడా విడిగానే రాయాలి. గూగుల్ స్కాలర్‌లో ఈ స్టార్ పనిచేయదు, అక్కడ ప్రతి రూపాన్నీ ఆర్‌తో ఇవ్వాల్సిందే.

నల్గొండకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసి, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆ పేరు ప్రపంచమంతా పాకింది. అందుకే నల్గొండ అని కొడితే ఇథియోపియా, టాంజానియా, కెన్యా ఊళ్ళ పేపర్లు వరుసగా దిగుతాయి. చాలామందికి వెంటనే తట్టే ఉపాయం, ఈ మాట ఉన్నవి వద్దు అని చెప్పే నాట్ పెట్టి నల్గొండ టెక్నిక్‌ను తీసేయడం. ఆ పని చేయకండి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు పరీక్షించి, పేపర్ చివరలో నల్గొండ టెక్నిక్ వాడొచ్చు అని ఒక్క వాక్యం రాసినవాళ్ళు కూడా దాంతో ఎగిరిపోతారు. నాట్ బదులు జిల్లా పేరును టైటిల్‌లో, అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రమే వెతకమని చెప్పండి, అప్పటికీ ఆఫ్రికా పేపర్లు కొన్ని వస్తాయి గానీ కళ్ళతో ఏరేయగలిగినన్నే వస్తాయి. మీ పని నీళ్ళు శుద్ధి చేయడం మీదే అయితే ఆ ఆఫ్రికా పేపర్లు మీకు బంగారం, వాటిని తీసేయడం ఎందుకు?

వలస విషయానికి వస్తే పేర్ల కంటే మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మనం వలస అంటాం, పరిశోధకులు సీజనల్ మైగ్రేషన్ అంటారు, సర్క్యులర్ మైగ్రేషన్ అంటారు, లేబర్ మొబిలిటీ అంటారు. మేస్త్రీ కింద పనికిపోయే పాలమూరు లేబర్ గురించి రాసినవాళ్ళు కాంట్రాక్ట్ లేబర్ అనో బాండెడ్ లేబర్ అనో వాడతారు. లేబర్ స్పెల్లింగ్ బ్రిటిష్‌లో ఒకటి, అమెరికన్‌లో ఒకటి, రెండూ ఇవ్వండి. ఈ మాటలన్నీ ముందే ఎవరికీ తెలియవు. ఒక్క మంచి పేపర్ దొరకగానే దాని కింద ఉన్న కీవర్డ్స్, సబ్జెక్ట్ హెడింగ్స్ చూసి, కొత్త మాట కనిపిస్తే బ్రాకెట్‌లో చేర్చి మళ్ళీ వెతకండి. దాని రిఫరెన్సుల్లో వెనక్కి పోండి, సైటెడ్ బై నొక్కి ముందుకు రండి. 1955 పేపర్‌ను తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో చూసుకుంటూ వస్తేనే ఫ్లోరోసిస్ మీద సగం లిస్టు తయారవుతుంది. సామాజిక విషయాలకు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీని మరిచిపోవద్దు, దాని పాత సంచికలు జేస్టోర్‌లో ఉన్నాయి.

రచయిత పేరుతో వెతికేటప్పుడు ఓపిక పట్టాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, డేటాబేస్ మాత్రం చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. చివర రెడ్డి, రావు, గౌడ్ ఉన్న ఒకే మనిషి ఒక చోట ఇనీషియల్స్‌తో, ఇంకో చోట పూర్తి పేరుతో, మరో చోట తలకిందులుగా నమోదై ఉంటారు. పేరుతో పాటు ఒక విషయం మాట కూడా కలిపి వెతికితే కొంత నయం.

ఫిల్టర్ల గురించి ఒక్క మాట: ఫుల్ టెక్స్ట్ ఓన్లీ అనే గడిని మొదట్లోనే టిక్ చేయొద్దు. ఆ డేటాబేస్‌లో పూర్తి పాఠం లేకపోయినా ఇంకో చోట ఉచితంగా ఉండొచ్చు.

ఇప్పుడు దాచుకోవడం. నన్నడిగితే వెతకడం కంటే ఇదే పెద్ద పని, ఎవరూ నేర్పనిది కూడా ఇదే. అడ్రస్ బార్‌లో ఉన్న లింకు కాపీ చేసి వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం అందరికీ అలవాటు. చాలా డేటాబేసుల్లో ఆ లింకు మీ లాగిన్ నడుస్తున్నంత సేపే బతుకుతుంది, రేపు నొక్కితే ఎర్రర్. పేజీలో పెర్మాలింక్ అనో స్టేబుల్ లింక్ అనో ఉంటుంది, అది తీసుకోండి. ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు, డీఓఐ నంబర్ ఉంటే ఇంకా మంచిది, సైట్ మారినా అది ఆ పేపర్ దగ్గరికే తీసుకుపోతుంది. పబ్‌మెడ్‌లో క్లిప్‌బోర్డ్ అని ఉంటుంది, 500 దాకా పడతాయి, కానీ 8 గంటలు ముట్టుకోకపోతే ఖాళీ అయిపోతుంది. అది దాచుకునే చోటు కాదు, పక్కన పెట్టుకునే చోటు. ఖాతా తెరిచి కలెక్షన్స్‌లో వేసుకోండి.

అన్నిటికంటే సుఖమైన పద్ధతి జొటెరో, పేపర్ల వివరాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఉచితం. కంప్యూటర్‌లో వేసుకుని, బ్రౌజర్‌కు దాని కనెక్టర్ తగిలిస్తే, పేపర్ పేజీలో ఒక్క నొక్కుతో టైటిల్, రచయితలు, సంవత్సరం, దొరికితే పీడీఎఫ్ కూడా వచ్చి చేరతాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే జాగా 300 ఎంబీయే, పీడీఎఫ్‌లతో అది తొందరగా నిండుతుంది. అయినా టెన్షన్ అక్కర్లేదు, మీ సొంత కంప్యూటర్‌లో ఉంచుకోవడానికి ఆ పరిమితి లేదు. వచ్చిన వివరాలను వెంటనే ఒకసారి సరిచూడండి, ముఖ్యంగా చిన్న జర్నల్స్ నుంచి తీసుకున్నప్పుడు టైటిల్ మొత్తం పెద్ద అక్షరాల్లో, రచయిత పేరు వెనకది ముందుకు వచ్చి ఉంటుంది. అప్పుడు ఒక్క నిమిషం పని, థీసిస్ చివర్లో చేస్తే రాత్రంతా పని.

సొంత ల్యాప్‌టాప్ లేక లైబ్రరీలోనో నెట్ సెంటర్‌లోనో కూర్చునేవాళ్ళు నచ్చినవాటిని టిక్ చేసి, ఎక్స్‌పోర్ట్‌లో ఆర్ఐఎస్ ఫైల్‌గా తీసి మెయిల్‌కు పంపుకోండి. ఒక్క చిన్న ఫైల్‌లో యాభై పేపర్ల వివరాలు పడతాయి, తర్వాత జొటెరోలోకి ఎప్పుడైనా ఎక్కించొచ్చు. లేచేముందు లాగౌట్ అవ్వండి.

పీడీఎఫ్ దించగానే పేరు మార్చండి. సైట్లు ఇచ్చే పేర్లు అంకెల చిందరవందర. శోధ్‌గంగలో అయితే ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైల్, ఎవరి థీసిస్ దించినా చాప్టర్ వన్, చాప్టర్ టూ అనే ఉంటాయి, రెండు థీసిస్‌లు ఒకే ఫోల్డర్‌లో పడితే ఏది ఎవరిదో తెలియక పరేషాన్. సంవత్సరం, రచయిత, టైటిల్‌లోంచి రెండు మాటలు, ఈ వరుసలో పెట్టండి. ఉత్త రెడ్డి 2011 అని పెడితే మన దగ్గర పనిచేయదు, అలాంటివి పది వస్తాయి.

పేపర్లతో పాటు మీరు వెతికిన వాక్యాన్ని కూడా దాచండి. ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో తేదీ, ఏ డేటాబేస్, బ్రాకెట్లతో సహా ఏం కొట్టారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉంచుకున్నారు అని రాసుకోండి. ఈ సమాచారం ఎలా సేకరించావని గైడ్ అడిగితే అదే జవాబు. ఆరు నెలల తర్వాత కొత్తవి చూడాలంటే అదే వాక్యాన్ని మళ్ళీ అతికించొచ్చు. డేటాబేస్‌లో ఖాతా ఉంటే దాన్నే అలర్ట్‌గా పెట్టొచ్చు, కొత్త పేపర్ రాగానే మెయిల్ వస్తుంది. అలర్ట్‌కు యూనివర్సిటీ మెయిల్ కాకుండా సొంత మెయిల్ ఇవ్వండి.

ఎందుకంటే కోర్సు అయిపోయాక లైబ్రరీ లాగిన్ ఆగిపోతుంది, దాంతో పాటు ఆ లాగిన్‌తో డేటాబేసుల్లో వేసుకున్న ఫోల్డర్లు కూడా చేజారొచ్చు. వైవా అయ్యాక చూద్దాంలే అనుకోకుండా, థీసిస్ సబ్మిట్ చేసే వారంలోనే ఫోల్డర్లన్నీ ఆర్ఐఎస్‌లో తీసుకుని, డబ్బు కడితేనే తెరుచుకునే పేపర్లలో మళ్ళీ కావాల్సినవాటి పీడీఎఫ్‌లు కూడా అప్పుడే దించి పెట్టుకోండి.