సముద్రానికి వెళ్లే పడవకు రాణీగంజ్‌లో సామాను కొనే ముందు

హుస్సేన్ సాగర్‌లో ఏళ్ల తరబడి తెరచాప పడవ నడిపినవాళ్లకు ఒక ధీమా ఉంటుంది. గాలి తెలుసు, తాళ్లు తెలుసు, ఇంకేం కావాలి అని. నాకూ ఉండేది. విశాఖలో కొన్న ముప్పై అడుగుల పాత పడవను దూరప్రయాణానికి సిద్ధం చేద్దామని సికింద్రాబాద్ రాణీగంజ్ బజారులో బస్తాడు సామాను కొని రైలెక్కించాను. మూడు నెలలకే సగం తుప్పు. మంచినీళ్లలో బతికిన మనకు ఉప్పు ఏం చేస్తుందో తెలియదు.

స్టీలుతో మొదలుపెడదాం. షాపులో స్టీలు బోల్టు అడిగితే మామూలుగా 304 రకం ఇస్తారు. వంటింట్లో సింకుకు అది చాలు. సముద్రానికి మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 కావాలి. 'అయస్కాంతం పెట్టి చూసుకున్నాం' అంటారు కొందరు. ఆ రెండు రకాలూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు, తేడా ఎలా తెలుస్తుంది? మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల మందు దొరుకుతుంది, లేదంటే స్టీలులో ఏమేం కలిశాయో తయారీ మిల్లు రాసిచ్చే సర్టిఫికెట్ అడగండి. అయస్కాంతం పనికొచ్చేది పైపు క్లిప్పుల దగ్గర. పట్టీ స్టీలుదే అయినా స్క్రూ ఉత్త ఇనుముది పెట్టేస్తారు. నన్ను ముంచింది అదే.

పడవ అడుగున నీళ్లు వచ్చిపోయే ప్రతి రంధ్రానికీ ఒక వాల్వు ఉంటుంది. అక్కడ కుళాయిల షాపు ఇత్తడి వాల్వు పెట్టకండి. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకును తినేస్తాయి. పైకి బాగానే కనబడుతుంది, లోపల గుల్ల. గీకితే గులాబీ రంగు తేలిందంటే దాని పని అయిపోయినట్టే. కంచుదే వేయించండి. ప్రతి వాల్వు పక్కనా దానికి సరిపోయే మెత్తని చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. చీకట్లో నీళ్లు పైకి వస్తుంటే వెతుక్కునే టైముండదు. అడుగున బిగించే యానోడ్లు (పడవ లోహానికి బదులు తామే కరిగిపోయే ముక్కలు) చెరువులో మెగ్నీషియంవి అయితే సముద్రంలో జింకువి. వాటి మీద మాత్రం రంగు పూయకండి.

మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే తీగలు పదేళ్లవైతే బేరమాడకుండా మార్చండి. తీగ మధ్యలో తెగడం తక్కువ. చివర ఫిటింగ్‌లోకి దూరే చోట పగులుతుంది. అందుకే మాస్ట్‌ను కిందికి దించి, భూతద్దంతో చూడాలి. 2018 సెప్టెంబరులో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో ఉన్న నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ మాస్ట్ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు విరిగింది. అలాంటప్పుడు విరిగిన ముక్క తీగలకు వేలాడుతూ పడవనే పొడుస్తుంది. వాటిని కోయడానికి పెద్ద బోల్ట్ కట్టరు చేతికందే చోట ఉండాలి.

చుక్కాని సంగతి. 2017-18లో నౌకాదళం మహిళలు తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి కూడా ఉన్నారు. తిరుగు ప్రయాణం చివర్లో స్టీరింగ్ చెడి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అత్యవసరానికి పెట్టుకునే టిల్లరు, అంటే చుక్కానిని నేరుగా తిప్పే కర్ర, చక్రంతో నడిచే పడవల్లో మామూలుగా ఉంటుంది, నడిపి చూసినవాళ్లు తక్కువ. చక్రం ముట్టుకోకుండా దాంతోనే రెండు గంటలు నడపండి. మాకైతే అది వెనక గట్టుకు తగిలి తిరగనే లేదు.

లైఫ్ రాఫ్ట్ సర్వీసు, ప్రమాద సంకేతం పంపే ఈపర్బ్ రిజిస్ట్రేషన్, దాని బ్యాటరీ గడువు ఒకే రోజు చూసేసుకోవచ్చు. శాటిలైట్ ఫోన్‌తో మాత్రం జాగ్రత్త. విదేశీ మిత్రుడు ఇచ్చాడని తురాయానో ఇరిడియమో వెంట పెట్టుకుంటే, టెలికాం శాఖ అనుమతి లేకపోతే ఇక్కడ కేసే.

బంగాళాఖాతంలో తుపాన్లు ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్కువ. కాబట్టి పనులన్నీ డిసెంబరుకల్లా ముగించి, జనవరిలో ఈశాన్య గాలి ఉండగా విశాఖ బయట మూడు రోజులు తిప్పి చూడండి. అలల అంచనాకు సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌ను చూడండి. సముద్రం లేని మన హైదరాబాద్ ప్రగతినగర్ నుంచే హిందూ మహాసముద్రం అలల లెక్కలు వెళ్తాయి మరి. మా మూడు రోజుల్లో చెడింది ఒకటే, వంట గ్యాస్ రెగ్యులేటరు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఆ వాసన తెలిశాక సిలిండరును డెక్ మీద, కిందినుంచి సముద్రంలోకి కన్నమున్న పెట్టెలోకి మార్చాం.