బంతిని విడిచిపెట్టి లైన్‌మన్‌ను చూసుడెట్లా

హన్మకొండల నేను కబడ్డీ నేర్పుత. మేనల్లుడు విన్నిపెగ్‌ల ఉంటడు, వాని పుణ్యమా అని కెనడా ఫుట్‌బాల్ పట్టుకున్న, బంతిని చేతుల పట్టుకొని ఉరికే, విసిరే ఆట. అక్కడ ఎండకాలం రాత్రి ఏడున్నరకు మొదలైతే మనకు పొద్దుగాల ఆరు. ప్రాక్టీసుకొచ్చిన పోరగాళ్లు నా ఫోన్ల తొంగిచూసి "ఏందిది సార్, ఒకలమీద ఒకలు పడుడేనా?" అంటరు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్న.

ముందుగాల బంతిని విడిచిపెట్టుండ్రి. బంతికి గజం అవతల, ఆపే జట్టోళ్లు చెయ్యి నేలకానించి వంగి ఉంటరు, వాళ్లే డిఫెన్సివ్ లైన్. ఎక్కువగ నలుగురు. గజం జాగ కెనడా పద్ధతి. అమెరికా ఆటల బంతి పొడుగంతే ఉంటది. బంతి కదలకముందే గీత దాటితే ఆఫ్‌సైడ్, 5 గజాలు పోయినట్టే. బంతి అందుకొని విసిరేటోడు, అంటే క్వార్టర్‌బ్యాక్, కావాల్నని గొంతు మార్చి అరుస్తడు. పనోడైన లైన్‌మన్ ఆ అరుపు పట్టించుకోడు, బంతి మీదనే కన్ను. మన కార్నర్ డిఫెండర్ రైడర్ చేతుల జోలికి పోక కాలినే కనిపెట్టినట్టు.

10 గజాలు పోవడానికి అక్కడ మూడే అవకాశాలు. మూడోసారి చాలామట్టుకు బంతిని తన్ని అవతలికి పంపుతరు, అంటే చేతిల ఉన్నయి రెండే. అందుకే విసురుడు ఎక్కువ, విసిరేటోని వెంటపడుడు ఎక్కువ. వాన్ని బంతితోనే పడగొడితే శాక్. చివర్ల ఉండే ఎండ్‌లకు శాక్‌లు, పేరు దొరుకుతయి. నడుమ ఉండే టాకిల్ ఎదుటోళ్లు ఇద్దర్ని ఒక్కడే మోస్తడు, లెక్కల్ల కనబడడు. నా ఓటు వానికే.

ఇగ కెరీర్ చదువుడు. కెనడా లీగ్ శాక్‌ల పట్టీల అందరికన్న పైన హామిల్టన్ ఆటగాడు గ్రోవర్ కోవింగ్టన్ ఉంటడు, 157. కానీ నేను పోరగాళ్లకు చెప్పేది కామెరాన్ వేక్ గురించి. 2005ల అమెరికా డ్రాఫ్ట్‌ల, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఏరుకునే కాడ, వాన్ని ఎవ్వరు తీసుకోలే. ఒక జట్టు పిలిచి మళ్ల వాపస్ పంపిచ్చింది. ఆట బయట కొలువు చేసుకున్నడు. 2007ల కెనడా జట్టు బీసీ లయన్స్‌కొచ్చి ఆ యేడు, మర్సటి యేడు కూడ లీగ్‌ల ఉత్తమ డిఫెన్స్ ఆటగాడైండు; 2008ల 23 శాక్‌లు. 2009ల అమెరికా జట్టు మయామి డాల్ఫిన్స్ తీసుకపోయింది. అందుకే ఎవ్వని పట్టీ చూసినా అంకెలకన్న ముందు సంవత్సరాల నడుమ ఖాళీలు చూడుండ్రి, ఎవరు వదిలిండ్రు, ఎవరు మళ్ల పిలిచిండ్రు అని.

సీజన్ జూన్ నుంచి నవంబర్ల గ్రే కప్ ఫైనల్ దాక. మొదటి మ్యాచ్‌ల ఒక క్వార్టర్ మొత్తం ఒక్కని మీదనే కన్ను పెట్టుండ్రి, నడుమటోడైతే మేలు. స్కోరు ఎవర్ని అడిగినా చెప్తరు.