ఊరేగింపుకు మన ప్రాంతపు జీవాల మాస్కులు: పిల్లలతో చేయించే విధానం

సంక్రాంతికి గానీ, సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కు గానీ పిల్లలను ఊరేగింపులో నడిపించాలనుకునే పెద్దలు, బజారులో సింహం మాస్కులు కొనే బదులు మన నేలమీద తిరిగే జీవాలనే పిల్లల చేత చేయించడం మంచిది. నేలపట్టు గూడబాతు (పెలికాన్), పులికాట్ ఫ్లెమింగో, ఒంగోలు ఎద్దు, మన సముద్రతీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు, నల్లమల పులి, వీటిలో ఏది చేయాలో పిల్లలే నిర్ణయించుకోవాలి.

మట్టి ముట్టుకునే ముందు ఆ జీవాన్ని నిదానంగా చూడనివ్వండి. నా అభిప్రాయంలో ఈ పనిలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. ఎద్దును గీయమంటే చాలామంది పిల్లలు పొడవాటి కొమ్ములు గీస్తారు, కానీ ఒంగోలు ఎద్దు కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండి పక్కలకూ వెనక్కూ పెరుగుతాయి. తెల్లని ముఖం మీద కంటి చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లని అంచు, కింద నల్లని ముట్టె ఉంటాయి. గూడబాతు పై ముక్కు అంచు వెంట నీలి మచ్చలు వరుసగా ఉంటాయి, కింది ముక్కుకు సంచి వేలాడుతుంది. ఫ్లెమింగో ముక్కు మధ్యలో కిందికి వంగి, కొన నల్లగా ఉంటుంది. ఈ గుర్తులు సరిగా పడితే చూసినవారు ఇట్టే పోల్చుకుంటారు.

ఎద్దు మాస్కుకు చెరువు బంకమట్టితో పలక మీద అచ్చు చేయాలి. అచ్చు పిల్లవాడి ముఖం కంటే నాలుగు వేళ్లు వెడల్పుగా ఉండాలి. దాని మీద పల్చని పాలిథిన్ కవరు పరిచి, మొదటి వరుస కాగితాన్ని నీళ్లలో మాత్రమే తడిపి అంటించాలి, అప్పుడే మాస్కు అచ్చు నుంచి సులువుగా ఊడివస్తుంది. ఆ పైన మైదా జిగురుతో ఐదారు వరుసలు వేయాలి. ఒక వరుస వార్తాపత్రికతో, మరొకటి తెల్ల కాగితంతో వేస్తే ఎక్కడ ఖాళీ మిగిలిందో పిల్లలకే తెలుస్తుంది. కాగితాన్ని కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చింపాలి, ఎందుకంటే చింపిన అంచు ముడత పడకుండా అతుక్కుంటుంది. జిగురుకు గ్లాసు మైదా, నాలుగైదు గ్లాసుల నీళ్లు సరిపోతాయి. పొయ్యి మీద కాచే పని పెద్దలది. పోస్టర్లు అంటించేవారు జిగురులో కలిపే మైలుతుత్తం విషం కాబట్టి పిల్లల పనిలో దాన్ని వాడకూడదు.

ఈశాన్య రుతుపవనాల వానలు నెల్లూరు వైపు డిసెంబరు దాకా పడతాయి కనుక, ఒకేరోజు అన్ని వరుసలూ వేస్తే లోపలి తడి ఆరక బూజు పడుతుంది. రోజుకు రెండు వరుసలు వేసి, గాలి ఆడేచోట నీడలో ఆరనిచ్చి, ఊరేగింపుకు రెండు వారాల ముందే మొదలుపెట్టండి.

ఎద్దు కళ్లు ముఖానికి పక్కల ఉంటాయి, పిల్లవాడి కళ్లు ముందుకు ఉంటాయి. అందువల్ల ఎద్దు కళ్లను రంగుతోనే వేసి, తలను కాస్త పైకి నిలిపి, నల్లని ముట్టెలోని ముక్కురంధ్రాలను రెండు వేళ్లు పట్టేంత వెడల్పుగా కోస్తే, పిల్లవాడు వాటిలోంచి చూడగలుగుతాడు, రంధ్రాలు ఎవరి కంటా పడవు. ముట్టె కింద భాగాన్ని పూర్తిగా తెరిచి ఉంచితే ఊపిరి ఆడుతుంది.

గూడబాతును మాత్రం టోపీలా చేయడం మేలు. నిజమైన పక్షి ముక్కు దాదాపు అడుగు పొడవుంటుంది కాబట్టి అట్టతో అంతే పొడవు చేయవచ్చు. బరువు ముందుకు లాగకుండా తల వెనక వెడల్పాటి గుడ్డపట్టీ కుట్టి, సంచికి పాత గులాబీ లేదా ఊదా గుడ్డ వేలాడదీయాలి. ఈకలకు కాగితాన్నే కుచ్చులుగా కత్తిరించాలి. గూళ్ల దగ్గర రాలిన ఈకల కోసం పిల్లలను పంపడం సరికాదు, పక్షులు గూళ్లు కట్టుకునే కాలం అది.

సుద్దపొడిలో ఫెవికాల్ కలిపి ఒక పూత పూసి, ఆరాక పోస్టర్ రంగులు వేయాలి. లోపలి వైపు గరుకు అంచులను గుడ్డముక్కలతో కప్పాలి. ఎలాస్టిక్ కట్టి, పిల్లవాడిని ముందురోజే వీధి చివరిదాకా నడిపించి చూడాలి. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కును తలకు కట్టకుండా సన్నని వెదురుపుల్లకు బిగించి చేతికిస్తే, అలసినప్పుడు వారే దించుకుంటారు.