ఊరి బయట ఇల్లు, డిష్ ఇంటర్నెట్: జే-1 వెయివర్ ఉద్యోగాలకు వచ్చినవారికి

రెసిడెన్సీ (స్పెషాలిటీ శిక్షణ) ముగించి జే-1 వెయివర్ మీద, అంటే జే-1 వీసా గడువయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపుతో, మూడేళ్లు పనిచేయడానికి అమెరికా పల్లెటూళ్లకు వెళ్లే మన డాక్టర్లు చాలామందే. అక్కడ ఊరు దాటితే కేబుల్ ఉండని ఇళ్లు ఎక్కువ. లీజు మీద సంతకం పెట్టకముందే ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడండి. శాటిలైట్ తప్ప ఇంకేమీ కనిపించకపోతే, ఇల్లు ఎంత నచ్చినా ఇంకోసారి ఆలోచించండి.

తప్పదంటే, ఏ రకం శాటిలైటో కనుక్కోండి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి, వాటితో సినిమాలకు పెద్దగా ఇబ్బంది ఉండదు. హ్యూస్‌నెట్ అనే కంపెనీ వాడే పాతరకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మనం అడిగింది పైకి వెళ్లి జవాబు తిరిగి రావడానికి అర సెకను దాటుతుంది. అమ్మతో వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయేది అందుకే. సినిమాకు మాత్రం ఆ ఆలస్యం అడ్డు కాదు. మొదలవడానికి కాస్త ఆగాలి, అంతే.

అసలు టెన్షన్ డేటా కోటాతో. అది అయిపోతే చాలా ప్లాన్లలో నెల తిరిగేదాకా స్పీడ్ పడిపోతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీకి గంటకు 3 జీబీ దాకా అవుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు ఏడున్నర జీబీ అన్నమాట. 'మీడియం' పెడితే గంటకు 0.7 జీబీ, అదే సినిమా రెండు జీబీల లోపే అయిపోతుంది. బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో దీన్ని మార్చాలి, అదీ ఒక్కో ప్రొఫైల్‌కు విడివిడిగా. పిల్లల ప్రొఫైల్ సంగతి అందరూ మర్చిపోతారు. కోటా తినేసేది అదే! తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా కూడా అక్కడే ఆపేయండి.

రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అందరూ నెట్ మీదే ఉంటారు కాబట్టి స్పీడ్ ఆశించకండి. వారాంతంలో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లినప్పుడు వారానికి సరిపడా ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసుకోవడమే నా దృష్టిలో మేలైన పద్ధతి. నెట్‌ఫ్లిక్స్ 2024లో విండోస్ యాప్ నుంచి డౌన్‌లోడ్ తీసేసింది, ల్యాప్‌టాప్ నమ్ముకోకండి.

క్రికెట్‌కు ఈ ఉపాయం పనిచేయదు. అది లైవ్‌లోనే చూడాలి కదా. అయితే ఇండియాలో సాయంత్రం 7:30కి మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ అమెరికా సెంట్రల్ టైమ్‌లో ఉదయం 9 గంటలకు మొదలవుతుంది, అప్పుడు లైను ఖాళీగానే ఉంటుంది. మీరు క్లినిక్‌లో ఉంటారు, అది వేరే బాధ.

హ్యూస్‌నెట్ లాంటి పాతరకం డిష్‌కు దక్షిణం వైపు ఆకాశం అడ్డు లేకుండా కనిపించాలి. చలికాలంలో బిగించేవాళ్లకు చెట్లు మోడుగా ఉండి అంతా బాగానే కనిపిస్తుంది. మే నెలలో ఆకులు వచ్చాక సిగ్నల్ పోతుంది. అందుకే చుట్టూ ఏయే చెట్లున్నాయో ముందే చూపించండి. ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి.

ఇంటి నుంచి హాస్పిటల్ కంప్యూటర్లకు కలిపే వీపీఎన్ ఈ పాతరకం లైను మీద బాగా నెమ్మదిస్తుంది. చార్టింగ్ (రోగుల రికార్డులు రాయడం) హాస్పిటల్‌లోనే పూర్తిచేసి ఇంటికి రండి.