మిన్నెసోటా చలికి మా కోళ్లు
అమెరికాలోని మిన్నెసోటాలో జనవరి రాత్రి మైనస్ 25 డిగ్రీలకి పడిపోవడం మామూలే. మా పెరట్లో ఉన్నవి లెగ్‌హార్న్ జాతి కోళ్లు. గుడ్లకి లోటు లేదు. కానీ వాటి తురాయి పెద్దది, పల్చన. చలికి దాని కొసలు ముందు తెల్లబడి, తర్వాత నల్లగా మాడినట్టై రాలిపోయేవి. పుంజుకైతే మరీ ఘోరం. వాజలిన్ రాసినా ఒరిగిందేమీ లేదు.

అందుకే కొత్త కోడిపిల్లల్ని కొనేటప్పుడు గుడ్ల లెక్క పక్కనపెట్టి తురాయి చూశాను. వయాండాట్ జాతికి అది తలకి అతుక్కుని ఉంటుంది. బ్రహ్మా జాతికీ చిన్నదే, కాకపోతే కాళ్ల ఈకలకి తడి మంచులో ఐసు గడ్డలు కడతాయి, అదో తలనొప్పి. నాకు బాగా నచ్చింది షాంటెక్లేర్. కెనడాలోని క్యుబెక్‌లో ఓ క్రైస్తవ సన్యాసి చలిని దృష్టిలో పెట్టుకునే తయారుచేసిన జాతి. తురాయి, గడ్డం కింద వేలాడే తోలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి.

జాతి మార్చగానే టెన్షన్ తీరిపోలేదు. గూడు బిగించేస్తే కోళ్ల ఊపిరి, రెట్టల తేమ లోపలే ఉండిపోయి తురాయిని గడ్డకట్టిస్తుంది. అందుకని పైకప్పు కింద, అవి కూర్చునే కర్రకి బాగా పైన, గాలి రంధ్రాలు చలికాలమంతా తెరిచే ఉంచుతున్నాను. హీట్ ల్యాంప్ మాత్రం పెట్టలేదు. ఎండుగడ్డికి నిప్పంటుకుంటే గూడే మిగలదు.