కొత్తగా లారీ ఎక్కే కుర్రాళ్లకి, మన శ్రీకాకుళం విజయనగరం రోడ్ల మీద

మా ఊరి కుర్రాళ్లు అన్నా లారీ నేర్చుకుంటాం ఎలా మొదలెట్టాలి అని తెగ అడుగుతన్నారు, ఒక్కొక్కడికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాసి పడేస్తే పోద్ది కదా అని రాస్తన్నాను.

ముందు లైసెన్సు. ఏస్, బొలెరో పికప్ లాంటి వాటికి కారు లైసెన్సే చాలు, సరుకుతో కలిపి 7500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల లైసెన్సు) తోనే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పేసింది. పెద్ద లారీకైతే 20 ఏళ్లు నిండాలి, ఎల్ఎంవీ చేతికొచ్చి ఏడాది అవ్వాలి, ట్రైనింగ్ అయిందని డ్రైవింగ్ స్కూల్ వాళ్లిచ్చే ఫారం 5, ఆరోగ్యం బాగుందని డాక్టర్ సంతకం పెట్టిన ఫారం 1ఏ కావాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న రూలు 2019లోనే తీసేశారు. గ్యాస్, పెట్రోల్ ట్యాంకర్లకి వేరే ట్రైనింగ్ ఉంటది, మొదట్లోనే దాని జోలికెందుకు.

లైసెన్సు వచ్చిన రోజే స్టీరింగ్ ఇమ్మని ఓనర్ని అడక్కండి. ఒక ఆరు నెలలు పాత డ్రైవర్ పక్కన క్లీనర్‌గా కూర్చోండి, నామోషీ ఏం లేదు, నేనూ అలాగే వచ్చాను. పైడిభీమవరం నుంచి వైజాగ్, పలాస జీడిపప్పు, రైస్ మిల్లుల బియ్యం, ఇలాంటి దగ్గర ట్రిప్పులు పట్టుకోండి. మిల్లు గోడౌన్లో హమాలీలు అరుస్తుంటే బండి వెనక్కి పెట్టడం వచ్చిందంటే హైవే మీద నడపడం దానిముందు ఎంత.

లోడు మీద కప్పే పట్టా (టార్పాలిన్) కట్టడం మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను కొత్తలో బియ్యం లోడుకి పట్టా ముందు వైపు కేబిన్ దగ్గర సరిగ్గా మడవకుండా కట్టేసాను, నరసన్నపేట దాటాక వాన, గాలి ముందు నుంచి కొట్టి పట్టా బుడగలా లేచిపోయింది, పైవరస బస్తాలు తడిసి నా బత్తాలో కోసేశారు. కేబిన్ వైపు మడత బాగా కిందదాకా దిగాలి, రెండు మడతలు కలిసే చోట ముందుదే వెనకదాని మీద పడాలి, తాడు ప్రతి కొక్కేనికీ లాగి పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి.

కాగితాలు చదవండి, కవర్లో పెట్టుకుని ఊరుకోకండి. ఈవే బిల్లులో (సరుకు తరలించడానికి జీఎస్టీ కింద ఆన్‌లైన్లో తీసే కాగితం) మీ బండి నంబరే ఉందా, గడువు ఉందా చూడండి, మామూలు లోడుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున లెక్క. దారిలో బండి మారిస్తే నంబర్ అప్‌డేట్ చేయించాలి.

ఓవర్‌లోడ్ విషయంలో కాటా చీటీ (బండి తూకం వేసిన చీటీ) చూసాకే కదలండి. ఆరు చక్రాల బండికి, బండి బరువూ సరుకూ కలిపి, పద్దెనిమిదిన్నర టన్నులు, పది చక్రాలకి ఇరవై ఎనిమిదిన్నర. చట్టంలో ఫైను 20,000, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకీ 2,000, మిగిలిన సరుకు అక్కడే దింపమంటారు కూడా. టెక్కలి గ్రానైట్ రాయి దగ్గర ఏం కాదులే తమ్ముడూ అనేవాళ్లు బ్రేక్ పట్టనప్పుడు పక్కన ఉండరు.

ఇక అసలు పరీక్ష సుంకి ఘాటీ, ఒడిశా కోరాపుట్‌కీ మన సాలూరుకీ మధ్య కొండ రోడ్డు. కోరాపుట్ నుంచి లోడుతో సాలూరు దిగేటప్పుడు కొత్తోడు చేసే తప్పు డీజిల్ మిగులుద్దని న్యూట్రల్ చెయ్యడం, ఆ తర్వాత బ్రేకు మీద కాలు తియ్యకుండా కూర్చోవడం. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో దిగేటప్పుడూ అదే గేరు, దిగడానికి ముందే వెయ్యాలి, సగం దిగాక గేరు తగ్గిద్దామంటే పడకపోతే అంతే సంగతులు. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగని అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వాడండి, కాలు బ్రేకు గట్టిగా వేసి వదిలెయ్యాలి, బ్రేకు గాలి ఎంతుందో చూపించే మీటరు మీద ఓ కన్ను ఉండాలి. నా మొదటి దిగుడులో రెండో మలుపుకే బ్రేకు లైనింగు కాలిన వాసన ముక్కుకి తగిలింది, పక్కనున్న మా గురువు తిట్టలేదు, బండి పక్కకి తీయించి గంటసేపు కూర్చోబెట్టాడు. నీళ్లు పోద్దాం అంటే బ్రేకు డ్రమ్ము పగిలిపోద్దిరా అని బాటిల్ లాక్కున్నాడు.

సాలూరు దిగాక ఆగండి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, దగ్గరగా చాలు. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ సెగ కొడితే అక్కడే చూపించుకోండి. ఆ ఊరు ఇప్పుడు మన్యం జిల్లాలోకి పోయింది గానీ మాకింకా విజయనగరమే, లారీల ఊరు, మెకానిక్‌ని వెతుక్కోవక్కర్లేదు.