తక్కువ బరువు బిడ్డకు కంగారూ సంరక్షణ ఇవ్వడం ఎలా

నెలలు నిండకుండానో, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతోనో బిడ్డ పుడితే, బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రమైన వార్మర్ కిందకూ తల్లిని బాలింతల వార్డుకూ పంపడం మనకు అలవాటైన పద్ధతి. తల్లి రొమ్ముపై బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత వల్ల మొదలైనదే కావడంతో, దానిని యంత్రాలు లేనిచోట పనికివచ్చే ఉపాయంగానే చాలాకాలం చూశారు. అందుకే బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టేవారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనం ఈ క్రమాన్ని మార్చింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువుల్లో, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ అందినవారిలో 28 రోజుల్లోగా మరణించినవారు 12 శాతం కాగా, కుదుటపడేదాకా ఆగినవారిలో 15.7 శాతం. ఈ తేడా స్పష్టమవడంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. కనుక వార్మర్ ఉన్న ఆసుపత్రిలోనూ ఇది అడిగి తీసుకోవలసిన వైద్యమే.

ముందుగా డాక్టరును అడగండి. సొంతంగా ఊపిరి తీసుకోలేని, వెంటిలేటర్‌పై ఉన్న, షాక్‌లో (రక్తప్రసరణ బాగా పడిపోయిన స్థితిలో) ఉన్న శిశువులకు ఇది అప్పుడే తగదు. సెలైనో, ముక్కు గొట్టమో ఉన్నంత మాత్రాన వీలుకాదనుకోకండి. నర్సు సాయంతో ఆ గొట్టాలు కదలకుండా బిడ్డను తల్లి వద్దకు మార్చవచ్చు.

తల్లి గాజులు, ఉంగరాలు, జాకెట్టు పిన్నీసులు తీసేసి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని, ముందు తెరుచుకునే నైటీ వేసుకుని వెనక్కి వాలి కూర్చోవాలి. పూర్తిగా వెల్లకిలా పడుకోకూడదు. బిడ్డకు టోపీ, మేజోళ్లు, డైపరు తప్ప మరేమీ ఉండకూడదు. రెండు రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, మెడ ముందుకు వాలిపోకుండా, మరీ వెనక్కి విరగకుండా చూడాలి. కాళ్లు కప్ప కాళ్లలా ముడుచుకుని ఇరువైపులా ఉండాలి. ఆ తరువాత మెత్తని నూలు గుడ్డతో, దాని పై అంచు బిడ్డ చెవి కిందికి వచ్చేలా కట్టాలి. ఛాతీ దగ్గర బిగువుగా, పొట్ట దగ్గర కొంత వదులుగా కడితేనే ఊపిరికి అడ్డు రాదు. ముఖం ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

ఒకసారి పెట్టుకుంటే కనీసం గంటైనా కదపకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చేసిన సిఫారసు రోజుకు 8 నుంచి 24 గంటలు. అన్ని గంటలు సిజేరియన్ అయిన బాలింత ఒక్కతే చేయడం కష్టం. అమ్మమ్మో, నాయనమ్మో, తండ్రో వంతులు తీసుకోవాలి. పురుటి మైల పేరుతో తండ్రిని దూరం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి గానీ, బిడ్డకు కావలసిన వెచ్చదనం ఆయన గుండెపైనా దొరుకుతుంది. జలుబు, జ్వరం, చర్మవ్యాధి ఉన్నవారు మాత్రం ఆగాలి. బెజవాడ ఎండల్లో ఇదెందుకని పెద్దలు అడుగుతారు. ఏసీ గదిలో ఇంత చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుందని చెప్పండి. రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లి పాలను చేతితో పిండి, నర్సు చూపిన విధంగా పాలాడైతో (మూతి సాగిన చిన్న గిన్నెతో) కొద్దికొద్దిగా పట్టాలి. తేనె, పంచదార నీళ్లు వద్దు.

ఇంటికి వెళ్లే దారిలోనూ, ఇంట్లోనూ బిడ్డ రెండున్నర కిలోలకు చేరేవరకు, లేదా తానే ఇమడక కాళ్లతో తన్నుకునేవరకు కొనసాగించండి. సాంబ్రాణి పొగ పట్టవద్దు. బరువు పెరిగేదాకా నలుగు పెట్టి స్నానం చేయించే ముచ్చట వాయిదా వేయండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, గుండెపై ఉంచుకున్నాక కూడా ఒళ్లు చల్లగానే ఉన్నా, వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలమైనా, మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేసి, బిడ్డను రొమ్ముపై అలాగే ఉంచుకుని ఆసుపత్రికి బయలుదేరండి.